పాట రాని స్పీకరు

విగ్న్యో అంటే జావా భాషలో నేర్పరి అని అర్థం. మన చెవికి అది విఘ్నంలా వినిపిస్తే ఆ తప్పు చెవిది కాదు. మలాంగ్ ఊళ్ళో ఆ పేరుగల ఆయన్ని ఎరిగినవాళ్ళందరికీ ఆ రెండర్థాలూ నప్పుతాయని తెలుసు.

పెళ్ళిళ్ళకీ ఊరేగింపులకీ స్పీకర్లు అద్దెకివ్వడం ఆయన పని. పెట్టెలు కొనడు. తనే చెక్క కోసి, బిగించి, ముందు నల్లగుడ్డ తొడుగుతాడు. చెక్కపనిలో చెయ్యి తిరిగినవాడు. కాపురంలో మాత్రం తిరిగేది తలే.

ఎందుకంటే ఆయనకి జంతువులంటే ప్రాణం. ఆయన భార్య రుమియాతికి ఇల్లంటే ప్రాణం. మొదట పావురాలు వచ్చాయి. ఆరేసిన బట్టలన్నీ మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. తర్వాత ఆకులు మేసే జాతి తొండ, ముంజేతి పొడవుది, ఒకటి వచ్చింది. అది రుమియాతి పెంచుకున్న మిరపమొక్కల్ని మొదలంటా మేసింది. ఆ సాయంత్రం రుమియాతి మోడుల్ని చూసి, మొగుణ్ణి చూసి, ఒక్క మాట చెప్పింది.

"మస్, ఇకమీదట ఈ ఇంట్లోకి రెక్కలున్నది వచ్చినా, నాలుగు కాళ్ళది వచ్చినా, రెండు కాళ్ళది బయటికి పోతుంది."

భర్తని మస్ అనడం అక్కడి మర్యాద. రుమియాతి ఆ మాటని పొట్టిగా అంటే మామూలే. సాగదీస్తే విగ్న్యో జాగ్రత్తపడతాడు. సాగదీసి, చివర చిన్న నవ్వు చేర్చిందంటే ఆయనకి మలాంగ్ చలిలో కూడా చెమట పడుతుంది.

విగ్న్యో ఆ మాటని చాలాకాలం గౌరవించాడు. పాముకి రెక్కలూ కాళ్ళూ రెండూ ఉండవన్న సంగతి ఆయనకి తర్వాత తట్టింది.

తట్టించినవాడు స్నేహితుడు గెంబుల్. బొద్దుగా ఉన్నవాణ్ణి అక్కడ గెంబుల్ అంటారు. ఈయన ఆ పేరుకి ఎక్కడా ఖాళీ మిగల్చలేదు. ఇంట్లో కొండచిలువల్ని పెంచి పిల్లలు పెట్టిస్తాడు. అందులో ఒక పిల్లని విగ్న్యో అరచేతిలో పెట్టాడు. అది బొటనవేలంత లావుంది. ఒంటినిండా గోధుమరంగు మచ్చలు. విషం లేదు, కోపం లేదు, ధైర్యం అసలే లేదు. చెయ్యి కదిలితే చాలు, తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోయింది.

తనలాగే భయపడితే తల దాచుకునే ప్రాణి ఇంకొకటి ఉందని చూడగానే విగ్న్యో గుండె కరిగిపోయింది.

"చిన్న డబ్బా చాలు," అన్నాడు గెంబుల్. "ఒక కొస వెచ్చగా, ఇంకో కొస చల్లగా. దూరి పడుకోడానికి ఇరుకైన గూడు. నీళ్ళు. మూత మాత్రం గట్టిగా ఉండాలి."

"నా దగ్గర పెరిగేది డబ్బాలో ఉండాలా?"

"పిల్లపాముకి పెద్ద చోటిస్తే బెదురుతుంది. తిండి మానేస్తుంది."

"నేను పెట్టెలు చేసి బతుకుతున్నవాణ్ణి గెంబుల్. నాకు పెట్టెల గురించి చెప్పకు."

గెంబుల్ ఇంకేదో చెబుతూనే ఉన్నాడు. విగ్న్యో తల ఊపుతూనే ఉన్నాడు. ఆ ఊపు వెనక అప్పటికే ఒక మేడ లేస్తోంది.

మేడ స్పీకరు ఆకారంలో లేచింది. నడుమెత్తు పెట్టె, ముందు నల్లగుడ్డ, వెనక తలుపు, లోపల బల్బు, వైరు పోవడానికి అడుగున గుండ్రటి రంధ్రం. చూసినవాడెవడూ స్పీకరు కాదనడు. పాముపిల్లని లోపల దింపి, దాన్ని పట్టుకొచ్చి ముందుగదిలో, పట్టపగలు, పెళ్ళాం కళ్ళెదుట పెట్టాడు. దాచాలంటే ఎదురుగా పెట్టడమే మంచిదని ఆయన నమ్మకం.

రుమియాతి చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది.

"ఇదేంటి మస్?"

"కొత్త స్పీకరు. కొన్నాళ్ళు ఇంట్లో పరీక్షించాలి."

"ఏమీ వినిపించడం లేదే."

"మరీ లోతైన శబ్దాలకి రుమీ. అవి చెవికి అందవు."

"చెవికి అందని శబ్దానికి అద్దె ఎవరిస్తారు?"

"పెద్ద పెద్దవాళ్ళు."

రుమియాతి లేచివచ్చి పెట్టె మీద చెయ్యి వేసింది. 

"వెచ్చగా ఉంది."

"పనిచేస్తోందన్నమాట," అన్నాడు విగ్న్యో.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. లోపలికి వెళ్ళి, ఉడికించిన కర్రపెండలం పులియబెట్టే కుండ తెచ్చి ఆ వెచ్చటి పెట్టె మీద పెట్టింది. చలికి కుండ పులవడం లేదని వారం నుంచీ సతమతమవుతోంది. విగ్న్యో మనసులోనే చంకలు గుద్దుకున్నాడు. అబద్ధానికి ఇంట్లో కూడా ఒక ఉపయోగం దొరికింది.

కానీ పాము తిండి ముట్టలేదు. రుమియాతి బజారుకి పోయినప్పుడల్లా ఆయన వెనక తలుపు తీసి చిట్టెలుక పిల్లని పెట్టేవాడు. మళ్ళీ తీసి చూస్తే ఎలుకపిల్ల పెట్టినచోటే ఉండేది. పాము ఆ విశాలమైన మేడలో ఒక మూలకి అతుక్కుపోయి, తల దాచుకుని ఉండేది. మొదట్లో గుండ్రంగా ఉన్న ఒళ్ళు నెమ్మదిగా పక్కలు దిగి, వెన్ను గీతలా తేలసాగింది. విగ్న్యోకి కూడా అన్నం సహించడం మానేసింది.

"ఏమైంది మస్, కూర బాగాలేదా?"

"బాగుంది. ఆకలి లేదు."

"ఇంట్లో ఎవరికీ ఆకలి లేనట్టుంది," అంది రుమియాతి. ఆ మాటకి విగ్న్యో ఉలిక్కిపడ్డాడు. ఆవిడ మాత్రం గిన్నెలు తీస్తోంది.

ఇంతలో బ్లితార్‌లో నాలుగు రోజుల పెళ్ళి తగిలింది. ఒప్పుకున్న పని, మానడానికి లేదు. పెట్టెలో నీళ్ళు నింపి, బల్బు వెలిగించి, దేవుడి మీద భారం వేసి బయల్దేరాడు. అక్కడ పాటలు హోరెత్తుతుంటే ఆయన కళ్ళ ముందు ఆ ఎండిన వెన్నే కనబడింది. తిరిగొస్తూనే గెంబుల్ కాళ్ళు పట్టుకోవాలని, అవసరమైతే చిన్న డబ్బాకి కూడా దిగిరావాలని దారంతా అనుకుంటూ ఇల్లు చేరాడు.

ఇంటి ముందు చాపలు దులుపుతున్నారు.  వీధి ఆడవాళ్ళ కురాన్ పారాయణం ఇంటింటికీ తిరుగుతుంది. ఆ వేళ వంతు తమదే. పారాయణానికని అత్తగారు సరింతెన్ కూడా తన ఊరి నుంచి ముందే వచ్చి కూర్చుంది.

"వచ్చావా అబ్బాయ్," అంది అత్తగారు. "చిక్కావు."

"ప్రయాణం కదా ఇబూ." అత్తగారినీ అమ్మ అనే పిలుస్తారక్కడ, ఇబు అని.

రుమియాతి గుడ్డకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మంచి సమయానికి వచ్చారు. పారాయణానికి మైకుంది, స్పీకరు లేదు. మిగతావన్నీ ఇంకా బండిలోనే ఉన్నాయి. మీ కొత్తదానికి తగిలించండి."

"అది పనికిరాదు రుమీ. దాని శబ్దం..."

"చెవికి అందదు. తెలుసు. అందేటట్టు చెయ్యండి. మీరు నేర్పరులు కదా, మ...స్." చివర చిన్న నవ్వు వినిపించింది.

విగ్న్యోకి చెమట పట్టింది. పెట్టెని సరిచేసి తెస్తానని చెప్పి, దాన్ని కావలించుకుని పడగ్గదిలోకి ఈడ్చుకుపోయి, గడియ వేసి, వెనక తలుపు తీశాడు.

లోపల నీళ్ళ గిన్నె ఉంది. బల్బు ఉంది. పాము లేదు.

నాలుగు మూలలూ తడిమాడు. నల్లగుడ్డ నొక్కి చూశాడు. అడుగున వైరు రంధ్రం కనిపించింది. అందులో బొటనవేలు పెట్టాడు. సులువుగా దూరింది. మూత మాత్రం గట్టిగా ఉండాలన్న గెంబుల్ మాట అప్పుడు, ఆ రంధ్రంలోంచే వినబడినట్టయింది.

బయట అప్పటికే చెప్పులు విడుస్తున్న చప్పుడు. "అస్సలాము అలైకుమ్" అంటూ ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. ముందుగది నిండుతోంది. అందరూ నేలమీదే, చాపల మీదే, పొడుగు గౌన్లు చుట్టూ పరుచుకుని కూర్చుంటున్నారు. చలికి వణికే పాముపిల్లకి అంతకంటే వెచ్చటి చోటు ఊళ్ళో ఇంకోటి ఉండదు.

విగ్న్యో ముందు గుమ్మం దగ్గరకి పోయి చెప్పులు ఒక్కొక్కటే ఎత్తి చూశాడు. పక్కింటి కస్మిరా ఆయన్ని చూసింది. ఆవిడ కంట పడ్డది వీధి చివరకి చేరడానికి టీ చల్లారేంతసేపు కూడా పట్టదు.

"ఏం వెతుకుతున్నావు విగ్న్యో?"

"జత కుదురుస్తున్నాను."

"నా జత కుదిరే ఉంది. నువ్వు ఒకటి చేతిలో పట్టుకున్నావు."

అది వదిలేసి గోడవారగా పెట్టిన చేతిసంచుల దగ్గరకి జరిగాడు. ఒకదాని మూతి తీశాడో లేదో, వెనక నుంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఆడవాళ్ళ సంచుల్లో ఏముందబ్బాయ్?"

"ఏమీ లేదు ఇబూ."

"ఏమీ లేదని చూశాక కదా తెలిసేది. చూడకముందే ఎందుకు చెయ్యి పెట్టావు?"

ఆయన సంచి మూసేసి వంటింట్లోకి తప్పుకున్నాడు. అన్నం కుక్కరు వెనక చూశాడు. ఫ్రిజ్ వెనక దుమ్ములో చెయ్యి పెట్టాడు. అరటాకులో చుట్టిన జిగురన్నం పొట్లాల పళ్ళెంలో ఒకటి కదిలినట్టనిపించి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నొక్కాడు. అది కోడిమాంసం కూరిన పొట్లమే. నొక్కుడికి కూరంతా బయటికొచ్చి చొక్కా మీద పడింది.

ముందుగదిలో పారాయణం మొదలైంది. స్పీకరు లేకపోయినా గొంతులు కలిసి మెత్తగా లేచాయి. విగ్న్యో వంటింటి తెర పక్కన నిలబడి, గుడ్డ కప్పిన డబ్బా ఏదో గట్టుమీదుంటే దానిమీద మోచెయ్యి ఆనించి, తెర సందులోంచి నేలనే చూస్తున్నాడు.

"దానిమీద ఆనకండి," అంది రుమియాతి టీ గ్లాసులు సర్దుతూ.

ఆయన చెయ్యి తీశాడు. కళ్ళు తియ్యలేదు. ఒక గౌను అంచు కదిలింది. లోపల కాలు మార్చుకున్నారు. చాప కింద గీతలాంటిది కనిపించింది. అది చాప మడత. మనిషి కాలికింద పడితే ఆ లేత వెన్ను ఏమవుతుంది? ఎవరైనా దాన్ని చూసి కేక పెట్టి లేస్తే, అందరూ ఒకేసారి గుమ్మంలోకి పరిగెత్తితే, ముసలివాళ్ళ గతేమిటి? 

అప్పుడు కస్మిరా ఒళ్ళో ఉన్న మనవరాలు, ఇంకా నడక రాని పిల్ల, జారి నేలమీదకి దిగింది. పాక్కుంటూ చాపల అంచు దాటి, బల్లకింద చీకట్లోకి చెయ్యి చాచింది. అక్కడ మెలికలు తిరిగినదేదో పడి ఉంది.

విగ్న్యో ఆగలేదు. తెర తోసుకుని, కూర అంటిన చొక్కాతో ఆడవాళ్ళ మధ్యకి ఉరికి, పిల్లని ఎత్తుకుని గుండెకి హత్తుకున్నాడు. బల్లకింద ఉన్నది రుమియాతి పాత నడికట్టు. పారాయణం ఆగిపోయింది. అన్ని ముఖాలూ ఆయన వైపు తిరిగాయి.

 అబద్ధం కోసం తడుముకున్నాడు. ఇంట్లో ఉన్నవన్నీ అప్పటికే వాడేశాడు.

"అమ్మల్లారా," అన్నాడు. "దయచేసి మెల్లిగా లేచి బయటికి వెళ్ళండి. పరిగెత్తకండి. అడుగు చూసి వెయ్యండి. ఇంట్లో పాము తప్పించుకుంది. నాదే. స్పీకరు అని అబద్ధం చెప్పి దాచాను. అది ఎవర్నీ ఏమీ చెయ్యదు. మీరే దాన్ని తొక్కకుండా చూడాలి."

ఎవరూ కేక వెయ్యలేదు. ఎవరూ లేవలేదు. ఒకావిడ టీ ఇంకో గుక్క తాగింది.

"మొత్తానికి చెప్పాడు," అంది కస్మిరా, మనవరాలి కోసం చేతులు చాస్తూ. "ఈ పూట చెప్పడనుకున్నాను."

"నేను చెబుతాడనే అన్నాను," అంది అత్తగారు. "మనిషి వెధవ పనులు చేస్తాడు గానీ చెడ్డవాడు కాదు."

రుమియాతి వంటింట్లోంచి గుడ్డ కప్పిన ఆ డబ్బాని తెచ్చి బల్లమీద పెట్టి, గుడ్డ తీసింది. అది పండగ పిండివంటలు దాచే ప్లాస్టిక్ డబ్బా. పక్కల గట్టి బిగింపులున్నది, మొగుణ్ణి ఎప్పుడూ ముట్టుకోనివ్వనిది. మూతకింద వరసగా, కాల్చిన మేకుతో పొడిచిన చిన్న చిన్న రంధ్రాలు. ఒక కొసన అడుగున కరెంటుతో వెచ్చబడే వేడి పట్టీ. నేలంతా పాత కాగితం, చల్లటి కొసన పచ్చడి నూరే చిన్న రాతి గిన్నెలో నీళ్ళు. మధ్యలో బోర్లించిన కొబ్బరిచిప్ప, దానికి గుమ్మంలా ఒక చిల్లు.

"మీరు బ్లితార్ వెళ్ళిన మర్నాడు పొద్దున్న కుండ మూత తీయబోతే, దాని చుట్టూ చుట్టుకుని ఉంది," అంది రుమియాతి. "నేను అరవలేదు మస్. అరుద్దామంటే అది నాకంటే ఎక్కువ భయపడుతోంది. ఒళ్ళు చూస్తే ఎముకలు. ఎవరి పనో తెలుసు కాబట్టి గెంబుల్‌కి ఫోను చేశాను."

"వాడు నీకు చెప్పేశాడా?"

"మీకూ చెప్పాడట కదా. నేను విన్నాను, అంతే తేడా. గుడ్డివెలుతురు, ఇరుకు గూడు, గట్టి మూత. వేడి పట్టీ కూడా ఆయనే పంపాడు. ఆ బల్బుకి అడ్డం ఏమీ పెట్టలేదేమిటి? తగిలితే ఒళ్ళు కాలిపోయేది."

విగ్న్యో తల వంచుకున్నాడు. "తింటోందా?"

అడిగినప్పుడు ఆయన గొంతు చిన్నపిల్లాడి గొంతులా వణికింది. అందువల్లనేమో, రుమియాతి అనదలచుకున్న తక్కిన మాటలు మింగేసింది.

"నిన్న తింది. అమ్మ పెట్టింది. రెండు రోజులు ముట్టుకోకూడదు, అరగాలి."

"పొలం గట్టున పుట్టినదాన్ని," అంది అత్తగారు. "పాముకి తినిపించడం నాకు కొత్తా? కాకపోతే ఇదివరకు అవి అడక్కుండానే తినేవి."

"అయితే దీన్ని ఉంచుకోవచ్చా రుమీ?"

"ఉంచుకున్నది నేను. మీరు చూడొచ్చు. చేతులు కడుక్కుని, నన్నడిగి."

ఆడవాళ్ళు నవ్వారు. పెద్దావిడ ఒకరు గొంతు సవరించుకుని పారాయణం ఆగినచోటి నుంచి అందుకుంది. విగ్న్యో డబ్బాని వంటింట్లోకి జాగ్రత్తగా మోసుకుపోయి గట్టుమీద పెట్టి, ముందర పీట వేసుకుని కూర్చున్నాడు. కాసేపటికి అత్తగారు కూడా మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి పక్కన కూలబడింది.

ఇద్దరూ డబ్బావైపే చూస్తూ కూర్చున్నారు. చాలాసేపటికి కొబ్బరిచిప్ప గుమ్మంలోంచి చిన్న తల బయటికొచ్చింది. వెనక ఒళ్ళు గుండ్రంగా, నిండుగా ఉంది. నాలుక ఆడించింది. విగ్న్యో ముఖం వైపు ఒక్క క్షణం చూసి, చటుక్కున లోపలికి పోయింది.

"ఏమైంది ఇబూ? నన్ను మర్చిపోయిందా?"

"సిగ్గుపడుతోంది," అంది అత్తగారు. "ఈ ఇంట్లో ఎవరో ఒకరు పడాలి కదా."