మీటింగ్ ఉంది, తలుపు వెయ్యండి!

మీటింగులను తిట్టేవాళ్లంటే నాకు జాలి. ఆన్‌లైన్ మీటింగ్ అనేదే లేకపోతే ఈ తరంలో కథ రాసేవాళ్లూ, నవల చదివేవాళ్లూ ఒక్కరైనా మిగిలేవారా? నవ్వకండి. నా దగ్గర సాక్ష్యం ఉంది. మా వదిన!

వదినది లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం. ఎక్కడ లిఫ్టు ఆగిపోయినా ఫోను ముందు ఆవిడకే వస్తుంది. "గాభరా పడకండి, తలుపు లాగకండి, మెకానిక్ బయల్దేరాడు" అని ధైర్యం చెప్పాలి. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని.

అలాంటి ఆవిడ ఓ కథ మొదలుపెట్టింది. నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగింది. లోపల ఇద్దరు. ఒకరి జేబులో కత్తి ఉంది. ఎవరి జేబులో?

ఎనిమిది నెలలైంది. ఆ ఇద్దరూ ఇంకా లిఫ్టులోనే ఉన్నారు! రాయడానికి టైమ్ ఏదీ?

నోట్‌బుక్ తీస్తే చాలు, "ఖాళీగానే ఉన్నావుగా, ఈ దుప్పటి ఆ చివర పట్టుకోమ్మా" అంటారు ఆవిడ అత్తగారు. పోనీ అని నవల తెరిస్తే అన్నయ్య ప్రత్యక్షం. "చదువుకుంటున్నావా? చదువుకో, చదువుకో. నా చార్జర్ ఎక్కడుందో చెప్పి చదువుకో." కూతురికి ఆ మర్యాద కూడా లేదు. తెరిచిన పేజీ మీదే రంగుల డబ్బా పెడుతుంది. చేతిలో పుస్తకం ఉన్న మనిషికీ, ఇంట్లో బల్లకీ తేడా ఏముంది?

అప్పుడు వచ్చింది ఆ మంగళవారం.

ఆఫీసు మీటింగ్. మేనేజరు గ్రాఫులు చూపిస్తున్నాడు. వదిన కెమెరా ఆపి, మైకు మ్యూట్ చేసి, హెడ్‌ఫోన్ మాత్రం తియ్యకుండా, విసుగు పుట్టి నోట్‌బుక్ తెరిచింది. గుమ్మంలో అడుగుల చప్పుడు. వదిన పెన్ను ఆగిపోయింది.

"ష్! అమ్మ మీటింగులో ఉంది" అంటూ అత్తగారు మనవరాలి చెయ్యి పట్టుకుని అవతలికి లాక్కుపోయారు. అన్నయ్య మునివేళ్ల మీద వచ్చి, టీ కప్పు పెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. పన్నెండేళ్ల కాపురంలో మొదటిసారి!

గంటలో రెండు పేజీలు.

ఇక వదినకి మీటింగుల పిచ్చి పట్టింది. పిలిచినవాటికి వెళ్లింది, పిలవనివాటికీ వెళ్లింది. లిఫ్టు బటన్లు గుండ్రంగా ఉండాలా, చదరంగా ఉండాలా అని తేల్చే కమిటీలో అడిగి మరీ చేరింది. నెల తిరిగేసరికి కథ చివరి పేజీకి వచ్చేసింది. ఇంకొక్క మీటింగ్ పడితే చాలు!

సరిగ్గా అక్కడే కొంప మునిగింది.

"మేడమ్, ఇంత అంకితభావం నేనెక్కడా చూళ్లేదు" అన్నాడు మేనేజరు ఫోన్లో. "ఇక మీదట మీటింగులన్నీ మీరే నడపండి."

ప్రమోషన్! ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. వదిన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నడిపేవాళ్లు కెమెరా తెరవాలి. గంటసేపు మాట్లాడాలి. మరి చివరి పేజీ?

గత్యంతరం లేక నిజం చెప్పేసింది. "ఏమండీ, కథ రాసుకోవడానికి నాకు రోజూ ఓ అరగంట కావాలి."

"అరగంటేం ఖర్మ, గంట తీసుకో!" అన్నాడు అన్నయ్య ఉదారంగా. "పనులన్నీ అయ్యాక."

విన్నారా? ఉన్నమాట చెప్పి అడిగితే ఇదీ దొరికేది!

మళ్లీ మంగళవారం. తెర మీద ఇరవై మూడు నల్లటి గళ్లు. ఒక్కరి ముఖమూ లేదు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అంది వదిన.

ఎవరిదో మైకు పొరపాటున తెరిచే ఉంది. పేజీ తిప్పిన చప్పుడు. ఇంకెక్కడో గిటారు తీగ ఒకటి టింగుమని, ఠక్కున నోరు మూసుకుంది.

వదిన చెవులు రిక్కించింది. మళ్లీ పేజీ. ఆఫీసు కాగితాన్ని ఎవరైనా అంత మెల్లగా, అంత ఇష్టంగా తిప్పుతారా? పేరు పెట్టి నిలదీయొచ్చు. ఇప్పుడు ఆవిడే అధికారి! గొంతు సవరించుకుంది.

"మీ అందరికీ రిపోర్టు పంపాను. నలభై నిమిషాలు ఎవరికి వారు నిశ్శబ్దంగా చదవండి. కెమెరాలు అక్కర్లేదు. ఇంట్లో ఎవరైనా పిలిస్తే మీటింగులో ఉన్నామని గట్టిగా చెప్పండి."

తన కెమెరా కూడా ఆపేసింది. ముప్పై ఎనిమిదో నిమిషంలో కథ కింద గీత గీసి, సంతకం పెట్టింది.

రిపోర్టు పంపడమే మర్చిపోయానని వదినకి సాయంత్రం గుర్తొచ్చింది. గబగబా ఆఫీసు గ్రూపు తెరిచింది.

ఇరవై మూడు మెసేజ్‌లు. అన్నిటిదీ ఒకే మాట.

"రిపోర్టు అద్భుతం మేడమ్. ఇలాంటివి వారానికి రెండు చదివించండి!"