రెండు ముళ్లు కలిసేదాకా

ఆ పొద్దున లారీ డ్రైవరు అంజి వేసుకున్న పథకం చాలా చిన్నది. కోరుట్లలో ఎత్తిన మక్కజొన్నల లోడు బోయినపల్లిలో దించాలి. ఖాళీ బండితో సిరిసిల్లలో అత్తగారింటికి పోయి, మామ పెట్టే చీవాట్లు తలొంచుకుని తినాలి. అలిగి పుట్టింట్లో కూర్చున్న భార్య సంగీతను ఎక్కించుకుని పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి. చీవాట్లు తినడంలో అతనికి మంచి అనుభవం ఉంది కాబట్టి, పథకంలో లోపమేమీ కనపడలేదు.

సంగీత అలక అన్యాయమైనదేం కాదు. "నేను మాట్లాడుతుంటే జర కూసొని ఇనవు. తలకాయ ఊపుకుంట బండి దిక్కు పోతవు" అని సంచి సర్దుకుని వెళ్లిపోయింది. "రేపు రాకుంటే పెద్దమనుషుల్ల పెడత" అని నిన్న మామ సారయ్య ఫోన్ చేశాడు. ఆమె లేని ఇంట్లో అంజికి అన్నం సయించడం లేదు. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలా అని దారి పొడుగునా తనలో తనే అప్పజెప్పుకుంటూ వచ్చాడు.

చిక్కల్లా లారీతో వచ్చింది. ఇంజన్‌లో వెనక సిలిండరు మిగతావాటికంటే ఎక్కువ కాగుతోందని మెకానిక్ మల్లన్న కనిపెట్టి, స్టీరింగు ముందు రెండు మీటర్లు బిగించాడు. ఒకటి ముందు సిలిండర్ల వేడి చూపిస్తుంది, రెండోది వెనకదానిది. "బండి ఆపంగనే ఇంజన్ బంద్ చెయ్యకు. ముందటియి సల్లగై ఎనుకది కాగుతనే ఉంటే హెడ్డు పగుల్తది. రెండు ముళ్లు ఒక్కకాడికి అచ్చేదాక స్లోల నడువనియ్యి. రేసు పెడలు మీదికెల్లి కాలు తీసినవా, ఆగిపోతది" అని గట్టిగా చెప్పాడు.

అంజి అత్తగారింటి ముందు లారీ ఆపాడు. రెండు ముళ్లూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. అత్త గంగవ్వ కాళ్లకు నీళ్ల చెంబుతో ఎదురొచ్చింది. ఉతికిన తెల్లంగి తొడుక్కున్న సారయ్య, చెప్పాల్సిన చీవాట్లన్నీ సిద్ధం చేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"దిగు అల్లుడా, కాళ్లు కడుక్కో."

"జరాగు అత్తా, ఇప్పుడే దిగరాదు!" అన్నాడు అంజి, మీటర్ల మీంచి చూపు తిప్పకుండా. ఎందుకు దిగరాదో కూడా చెప్పాడు గానీ, ఇంజన్ మోతా చుట్టూ మరమగ్గాల మోతా కలిసి ఆ ముక్కను మింగేశాయి.

చెంబు పట్టుకున్న అత్తను నిలబెట్టడం ఆ వాడలో చిన్న నేరం కాదు. ఎదురింటి సత్యవ్వ అరుగు దిగింది. "ఇంజన్ సుత బంద్ చేస్తలేడు. గిట్లచ్చి గట్ల తీస్కపోదామని అచ్చిండు!"

సారయ్యకు పౌరుషం పొడుచుకొచ్చింది. కుర్చీ తెచ్చి సరిగ్గా లారీ ముందు వేసుకుని కూర్చున్నాడు. "నా బిడ్డ ఏమన్న మక్కల బస్తానా? పెద్దమనుషులు అచ్చేదాక బండి కదలది!"

"అయ్యో మామా, అది కాదే!" అని అంజి చేతులు జోడించబోయాడు. మోచెయ్యి హారన్ మీద పడింది. కుర్చీ ఒక దిక్కు, సారయ్య ఒక దిక్కు పడ్డారు. గంగవ్వ చెంబు జారి నీళ్లన్నీ తెల్లంగి మీద ఒలికాయి.

మగ్గాలు ఆపి జనం వచ్చారు. పెద్దమనుషులూ వచ్చారు. ఇంజన్ కాగుతోందని ఎవరో జాలిపడి బకెట్ తెస్తే, "నీళ్లు పోస్తే పగుల్తది, వద్దు!" అని అంజి కేకలు పెట్టాడు. "అత్తింటి నీళ్లు గుడ ముడుతలేడు" అని సత్యవ్వ వాడంతా చాటింది. అంజికి ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు అవతలి తలుపు తెరుచుకుంది. సంగీత ఎక్కి పక్క సీట్లో కూర్చుంది. "ఏందిది? దిగుతవా, దిగవా?"

అంజి ఊపిరి తీసుకోకుండా సిలిండర్ల కథంతా చెప్పాడు. ఆమె మీటర్లు చూసింది, రేసు మీద అదిమిపెట్టిన అతని కాలు చూసింది.

"గీ ముళ్ల కోసం గింతసేపు కూసున్నవు. నా కోసం ఎన్నడన్న కూసున్నవా?"

దారంతా అప్పజెప్పుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "లేదు, తప్పే" అన్నాడు అంజి. "నువ్వు లేకుంటే ముద్ద దిగుతలేదు సంగీతా. ఇప్పుడు చెప్పు, కూసొని ఇంట. కాలు తీసేతందుకు సుత లేదు, ఏడికి పోత?"

ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వాక కళ్లు తుడుచుకుని మొదటినుంచీ చెప్పింది. ముందటి అర్రలో కుట్టుమిషన్ పెట్టుకుంటుందట, జాకెట్లు కుడుతుందట. ఎన్నిసార్లు ఈ మాట ఎత్తినా అతను తలకాయ ఊపాడే గానీ ఇది చెవిన పడనేలేదు. ఈసారి ఏ గిరాకీలు వస్తాయి, కిటికీ ఎటు పెట్టాలి అని తనే అడిగాడు. ముళ్లు ఎప్పుడో కలిశాయి. ఇద్దరూ గమనించలేదు.

చివరికి ఇంజన్ ఆపి దిగారు. గంగవ్వ మళ్లీ నీళ్లు తెచ్చింది. మీటర్ల సంగతి విన్న సారయ్య చీవాట్లు సగానికి తగ్గించుకున్నాడు. పెద్దమనుషులు వచ్చినందుకు భోజనం చేశారు.

సంగీత సంచితో లారీ ఎక్కింది. అంజి తాళం తిప్పాడు. సెల్ఫ్ స్టార్టరు కుయ్యిమని మూలిగి ఊరుకుంది. ఎన్నిసార్లు తిప్పినా అదే మూలుగు. లారీని కదలకుండా ఆపడానికి వచ్చిన పెద్దమనుషులే పంచెలు ఎగ్గట్టి వెనక నిలబడ్డారు. సారయ్య తడి అంగీతో నడుమ నిలబడి తోశాడు. సత్యవ్వ కూడా ఓ చెయ్యి వేసింది.

వాడ చివర ఇంజన్ అందుకుంది. సారయ్య రొప్పుతూ కిటికీ దాకా ఉరికొచ్చాడు.

"అల్లుడా, నీకు దండం పెడత. మళ్ల అచ్చినప్పుడు ఇంజన్ బంద్ చెయ్యకు!"

పెద్దమనుషులు అక్కడికక్కడే దాన్నే తీర్పుగా ఖాయం చేశారు.