మెట్ల మలుపులో పేపరు

ఎదురు వాటా పిన్నిగారు చెప్పిందంటూ గెజిట్టు భార్య ఓ సంగతి మోసుకొచ్చింది. ఈ మధ్య తెల్లారకముందే ఎవడో దొంగ వస్తున్నాడట. మెట్ల మలుపులో కూర్చుని, పై వాటా కాంపౌండరుగారి పేపరు చదివి, మడత చెదరకుండా అక్కడే పెట్టి పోతున్నాడట. తలుపు సందులోంచి పిన్నిగారికి వాడి వీపు మాత్రం కనబడిందట.

"పెట్టేసి పోతే దొంగెలా అవుతాడే?" అన్నాడు గెజిట్టు, టీ గ్లాసులోకి చూస్తూ.

"ఆ వీపు అచ్చం మీ వీపులా ఉందటండీ."

"వీపులన్నీ ఒకలాగే ఉంటాయి."

మర్నాటి నుంచి వీపు గోడకి ఆనించి, ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

గెజిట్టన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. చేసేది టపా గుమాస్తా ఉద్యోగం. మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళకి లోకం సంగతులన్నీ అతని నోటి నుంచే రావాలి. అక్కడ అతనికున్న పరువల్లా అదే. ప్రమోషన్ రాకపోయినా ఓర్చుకోగలడు గానీ, తనకంటే ముందు ఇంకొకడు వార్త చెప్పాడంటే ఆ పూట ముద్ద దిగదు.

ఆ పరువుకి గండం ఇంట్లోనే వచ్చిపడింది. చదివిన పేపరు ఒక్కటీ పారేయనివ్వడు, ఎప్పుడో అవసరం పడుతుందంటాడు. అటక నిండింది, మంచం కింద నిండింది, ఆఖరికి పిండి డబ్బా చోటు కూడా పోయింది. అటకైనా ఖాళీ చెయ్యండి, పేపరైనా మానండి అని భార్య తేల్చి చెప్పేసింది. అటక జోలికి రానివ్వకుండా, పేపరే మానేస్తున్నానని గెజిట్టు త్యాగమూర్తిలా ప్రకటించాడు. ఫోనులో చూసుకోరాదా అంటే, అందులో వచ్చేవి వార్తలు కావు, వదంతులన్నాడు. ఇక రేడియోతో సరిపెట్టుకుంటానన్నాడు.

సరిపెట్టుకున్నది మాత్రం కాంపౌండరుగారి పేపరుతో. కళ్ళజోడు పెట్టె టప్పుమంటే భార్య లేస్తుందని, ఉత్త కళ్ళతో పెద్దక్షరాలు చదువుకుని మిగతాది కల్పించుకునేవాడు. నిజానికి ఆ కల్పించిందే రసవత్తరంగా ఉండేది.

ఇలా రోజులు సుఖంగా గడుస్తుండగా ఒక తెల్లవారుజామున పెద్దక్షరాలు అతన్ని కుదిపేశాయి. రేపటి నుంచి ఊరంతా నీళ్ళు బంద్.

ఆ రోజు సెలవు. క్యారియర్ల వేళ లేదు. అంత వార్త కడుపులో పెట్టుకుని కూర్చోవడం అతనివల్ల కాలేదు. ప్రతి వాటా తలుపూ తట్టి చెప్పొచ్చాడు. ఇంటికొచ్చి బకెట్లు నింపాడు, బిందెలు నింపాడు, కుక్కరూ పాలగిన్నే కూడా వదల్లేదు. భార్య గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడింది. వద్దని ఒక్క మాట అనలేదు. అప్పుడే అతనికి అనుమానం రావలసింది.

అన్ని వాటాల్లో అన్ని కుళాయిలూ ఒక్కసారే తిప్పేసరికి, మేడమీది ట్యాంకు రెండు దగ్గులు దగ్గి ఊరుకుంది.

"చూశారా, రేపటి వార్త ఇవాళే నిజమైంది," అని గెజిట్టు మెట్ల మీద రొమ్ము విరుచుకున్నాడు.

ఇంతలో కింద వాటా ఎలక్ట్రీషియను నీళ్ళ ఆఫీసుకి ఫోను చేశాడు. బందూ లేదు గిందూ లేదు, మీకెవరు చెప్పారని వాళ్ళు ఎదురు తిట్టారట. ఒంటినిండా సబ్బుతో కొందరు, అంట్ల గిన్నెలతో కొందరు వచ్చి గెజిట్టు గుమ్మంలో నిలబడ్డారు.

"ఎక్కడ చదివావు నాయనా?" అంది పిన్నిగారు.

"పేపర్లోనండీ."

"నువ్వు మానేశావుగా?"

"కాంపౌండరుగారి పేపర్లో," అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"ఆయన కూతురింటికెళ్ళి నెలయింది. పేపరు కూడా ఆపించి వెళ్ళాడు."

భార్య చేతులు తుడుచుకుంటూ వెళ్ళి మెట్ల మలుపులోని పేపరు తెచ్చింది. కళ్ళజోడు తీసి తనే అతని ముక్కు మీద పెట్టింది. తేదీ పోయినేటిది. పక్కనే గుండ్రంగా, అతని టీ గ్లాసు మరక.

పిన్నిగారు వీపు చూసిన నాడే దొంగెవరో తనకి తెలిసిందంది భార్య. కాంపౌండరుగారు వెళ్ళాక మొగుడు దిగులుపడతాడని, రోజుకొకటి అటక మీంచి తీసి అక్కడ పెట్టేదట. చదవడం అయ్యాక పాత పేపర్లవాడి సంచిలో వేసేదట. పిండి డబ్బా తన చోటికి తను వచ్చేసిందంది.

జనం నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. గెజిట్టు ఆ మరకని వేలితో రుద్ది చూశాడు.

"నెల రోజులుగా ఆఫీసులో ఇవే చెబుతున్నానే. ఒక్కడైనా పాత వార్తలనలేదేం?"

"వింటే కదండీ, అనడానికి."