ఉయ్యాల దూలం మీద ఎలుక

ఆ పొద్దున పరదేశి పెట్టుకున్న పనులు మూడే. ఇల్లు తుడవాలి, దూలానికి ఉయ్యాల కట్టాలి, పది గంటల బస్సుకు ఎదురెళ్లి పెళ్లాన్నీ మూడు నెలల కూతుర్నీ ఇంటికి తెచ్చుకోవాలి. వడ్డాది నుంచి ముందురోజే ఉత్తరం వచ్చింది. పిల్ల నాన్న మీద బెంగ పెట్టుకుందనీ, అందుకే అనుకున్నదానికంటే ముందే వస్తున్నామనీ చిన్నమ్మి ఎవరి చేతో రాయించింది. పరదేశి చోడవరంలో ఒక బెల్లం వర్తకుడి దగ్గర కాటా వేసేవాడు. తూకం విషయంలో సొంత తమ్ముడి మాట కూడా నమ్మని మనిషి. అలాంటివాడు తన మొహం మూడుసార్లు మాత్రమే చూసిన పసిగుడ్డు తన మీద బెంగ పెట్టుకుందంటే నమ్మేశాడు. నమ్మడమే కాదు, ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని పడుకున్నాడు.

ఈ రాకకు ఇన్నాళ్లూ అడ్డుపడినదీ, ఇప్పుడు కూతురికి తోడుగా వస్తున్నదీ అత్తగారు మంగాయమ్మే. ఆవిడ అల్లుడితో సూటిగా మాట్లాడదు. అది వాళ్ల ఇంటి మర్యాద. చెప్పదలచుకున్నదంతా గుమ్మానికి చెబుతుంది, అల్లుడు వింటాడు. పోయినసారి వడ్డాది వెళ్లినప్పుడు, ఎలకలు తిరిగే కొంపకు పసిగుంటని ఎవరైనా పంపుతారా అని గుమ్మాన్ని నిలదీసింది. పరదేశి ఇంటికి రాగానే పిండిలో మందు కలిపి మూలమూలా పెట్టాడు. నాలుగు రోజులుగా ఇంట్లో ఎలుక అలికిడి లేదు. దాంతో తన తెలివికి తానే మురిసిపోయాడు.

పీట మీద పీట వేసి, దానిపైకి ఎక్కి ఉయ్యాల తాడు దూలం మీదుగా వేస్తుంటే అటక నుంచి కంపు కొట్టింది. చెయ్యి పెట్టి తడిమితే తోక తగిలింది. లాగాడు. తోక చేతికి వచ్చింది, మిగతాది రాలేదు. నాలుగు రోజుల చావు మరి. కళ్లు మూసుకుని రెండోసారి లాగేసరికి మిగతాది కూడా వచ్చింది, దానితోపాటు పురుగులూ వచ్చాయి. పరదేశి కెవ్వుమని వెనక్కి వాలాడు. పీటలు జారాయి. కింద అత్తగారు వేసవిలో పెట్టి పంపిన ఆవకాయ జాడీ ఉంది. దాని మీద పరదేశి పడ్డాడు, పరదేశి మీద ఎలుక పడింది.

జాడీ పగిలి ఎర్రటి నూనె గదంతా పారింది. లేవబోయి కొత్తగా వెల్ల వేసిన గోడకు చెయ్యి ఆనించాడు. అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి. నీళ్లు పోస్తే నూనె వరండాలోకి పారింది. బూడిద చల్లితే కాళ్లకు అంటుకుని ఇల్లంతా అడుగులు పడ్డాయి. పావుగంట తుడిచేసరికి, అంతకుముందు ఒక మూలే ఉన్న ఎరుపు నాలుగు మూలలకూ చేరింది.

అయినా అతని భయం ఎరుపు గురించి కాదు, ఎలుక గురించి. ప్లేగు రోజులు గడిచి ఏళ్లయినా చోడవరంలో దాని పేరు ఇంకా చావలేదు. అప్పట్లో ఇంట్లో ఒక్క ఎలుక పడి చస్తే చాలు, జనం పిల్లాజెల్లతో పొలాల్లో పాకలు వేసుకుని బతికేవారని అతని తల్లి చెప్పేది. ఇది మందు తిని చచ్చిందని అతనికి తెలుసు. కానీ అత్తగారికి ఎలా తెలుస్తుంది? పిల్లను గడప తొక్కనిస్తుందా? అందుకే ఎలుకనీ తోకనీ జాడీ పెంకులనీ పాత పంచెలో మూటగట్టి, పెరట్లో అరటి చెట్టు కింద గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు.

దడికి అవతల సన్యాసమ్మ కనిపించింది. తెల్లవారినప్పటి నుంచి ఆవిడ తన పుంజు కోసం వెతుకుతోంది.

"ఏట్రా పరదేశీ, ఆ మూట?"

ఎలుక అనకూడదు. ఇంకేదైనా అనవచ్చు. "కోడి, అప్పా. అత్త వస్తంది గదాని కోసేను. పేగులూ అవీ పూడుస్తన్నాను" అన్నాడు.

లోకంలో ఇన్ని జీవులుండగా అతని నోట కోడే వచ్చింది. సన్యాసమ్మ పుంజు మామూలు పుంజు కాదు. చిన్నమ్మి రెండు రోజులు నొప్పులు పడుతోందని కబురు వచ్చిన నాడు, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే ఉగాది ముందరి కొత్తమావాస్యకు ఇస్తానని ఆవిడ నూకాలమ్మకు మొక్కిన పుంజు. దాని కాలికి పసుపుతాడు కట్టింది కూడా పరదేశే. అమ్మవారి మొక్కును ఎవడైనా ముందే కోసుకుని తింటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఇంతవరకూ ఎవడూ ఆ పని చేయలేదు.

ఆవిడ దడి తోసుకుని వచ్చి ఇంట్లోకి తొంగిచూసింది. గోడ మీద అయిదు వేళ్లు చూసి గుండె పట్టుకుంది. మరో నిమిషానికి వీధిలోని ఆడవాళ్లంతా వాకిట్లో ఉన్నారు. ఆవిడ భర్త దాసు నెమ్మదస్తుడు, ఏదైనా సాక్ష్యం చూడందే నమ్మడు. పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది.

"కోసేనంటన్నావు. మాంసం ఏదిరా?"

"తినేసేను, మావా."

"ఒక్కడివే?"

"ఆకలేసింది."

"పొయ్యి ముట్టించనేదు గదరా. పచ్చిదే తిన్నావా?"

పరదేశి ఒక్కసారి అటకవైపు చూసి, అవునని తల ఊపాడు. ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరకు లాక్కుని రెండడుగులు వెనక్కి వేశారు.

సరిగ్గా అప్పుడే, ఎదురొచ్చేవాళ్లు లేక బస్సు దిగి నడిచి వచ్చిన మంగాయమ్మా, పిల్లను ఎత్తుకున్న చిన్నమ్మీ వీధి మలుపు తిరిగారు. ఇంటి ముందు జనాన్ని చూసి తల్లీకూతుళ్లు గబగబా నడిచారు. సన్యాసమ్మ ఎదురెళ్లి జరిగిందంతా ఏకరువు పెట్టింది. విన్నాక మంగాయమ్మ మోచేతుల దాకా ఎర్రగా ఉన్న అల్లుణ్ని చూసి, గుమ్మం వైపు తిరిగి, పచ్చిమాంసం తినే మనిషి దగ్గర పసిదాన్ని ఎలా వదలడమని అడిగింది.

చిన్నమ్మి ఆ మాట నమ్మలేదు. ఆ ఇంట్లో ఎప్పుడు కోడి కోసినా కోసేది తనే. ఆ కాసేపూ మొగుడు వీధి చివర నిలబడి, అయిపోయిందా అని కేకేసి అడిగి మరీ లోపలికి వస్తాడు. పిల్లను తల్లి చేతికిచ్చి లోపలికి వెళ్లింది. సగం కట్టిన ఉయ్యాల తాడు చూసింది, తల ఎత్తి అటక చూసింది, ముక్కు ఎగబీల్చింది. బయటికొచ్చి మొగుడి ఎదురుగా నిలబడి మెల్లగా అడిగింది.

"ఎలకేనా, మావా?"

పరదేశికి అంతదాకా ఆపుకున్న ఏడుపు వచ్చేసింది. "మందెట్టేను చిన్నమ్మీ. పిల్ల ఒంటి మీద ఎలక పాకకూడదని ఎట్టేను. అది పైకెల్లి సచ్చింది. ప్లేగు కాదే. మీయమ్మకి సెప్పు. పిల్లని మల్లీ తీసుకెల్లిపోకండి."

పచ్చి కోడి తిన్నవాడికి రెండడుగులు వెనక్కి వేసిన వీధి, ఎలుక మాట వినగానే వీధి మొదటికి పోయింది. అందరికంటే వెనక వెళుతున్న సన్యాసమ్మకు తన ఇంట్లో నుంచి పుంజు కూత వినిపించింది. పిల్లికి భయపడి రాత్రి దాని మీద తనే గంప బోర్లించిన సంగతి గుర్తొచ్చి, పరదేశి వైపు చూడకుండా గబగబా లోపలికి దూరింది.

వాకిట్లో నలుగురే మిగిలారు. మంగాయమ్మ వెళ్లిపోతుందనుకున్నాడు పరదేశి. ఆవిడ పిల్లను ఒళ్లో వేసుకుని అరుగు మీద కూలబడింది. పెళ్లయిన మూడేళ్లలో మొదటిసారి అల్లుడి మొహం చూసి మాట్లాడింది.

"మాకాడ ఎలకలు ఏడు సచ్చేయి, బాబూ. మా పెద్దోడు అటక మీద ధాన్యం కాడ మందెట్టేడు. మందుకే సచ్చేయంటే ఊల్లో ఎవులు నమ్ముతారు? నువ్వు మాత్రం నమ్ముతావా? అందుకే నీకు ఆ సంగతి సెప్పకుండా పిల్లని తెచ్చేసేను."

పరదేశి చొక్కా తడుముకున్నాడు. జేబులో ఉత్తరం ఇంకా ఉంది. పెళ్లాం వైపు తిరిగి, అయితే పిల్ల బెంగ పెట్టుకుందన్నది కూడా అబద్ధమేనా అని చిన్నబోయి అడిగాడు.

"పిల్ల సంగతి అబద్ధమే" అంది చిన్నమ్మి తల దించుకుని. "బెంగెట్టుకున్నది నాను. ఉత్తరం రాసిన మేష్టరు కాడ సిగ్గేసి, పిల్ల పేరు సెప్పేను."

పరదేశి ఎర్రటి చేతులు వెనక్కి పెట్టుకుని ఆమె వైపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఇంత సంతోషం తట్టుకోవడం అతనికి అలవాటు లేదు. చిన్నమ్మి కొంగు బిగించి, మరకలు వదలడానికి చింతపండు నానబెట్టింది. ముగ్గురూ మధ్యాహ్నం దాకా నేలా గోడా అటకా రుద్ది కడిగారు. ఉయ్యాల కట్టారు. పిల్ల అందులో పడుకుని, వాళ్ల నాన్నను నాలుగోసారి చూసి నిద్రపోయింది.

భోజనాల దగ్గర మంగాయమ్మ మళ్లీ అల్లుడితోనే సూటిగా మాట్లాడింది. కొడుకు చెయ్యి పెట్టనన్నాడనీ, వడ్డాదిలో తమ అటక కడిగే దిక్కు లేదనీ, ఎవరో ఒకరు కడిగేదాకా, అది ఆరు నెలలైనా సరే, తానూ ఇక్కడే ఉంటాననీ చెప్పింది.

మర్నాడు పొద్దు పొడవగానే పరదేశి సైకిలు అద్దెకు తీసుకుని వడ్డాది వెళ్లి, అత్తవారి అటక ఒక్కడే కడిగి వచ్చాడు.