పొయ్యి పక్క మహారచయిత

తాను మహారచయితనని మంత్రిగారు విలేకరుల సమావేశం పెట్టి మరీ ప్రకటించారు. మొదటి పుస్తకం పేరు కూడా చెప్పారు: "నా రచనా రహస్యాలు."

"ఇంతకుముందు ఏం రాశారు సార్?" అని ఓ విలేకరి నోరు జారాడు.

"ముందు ఎలా రాయాలో చెప్పేస్తాను. ఆ తర్వాత తీరిగ్గా రాస్తాను. పునాది లేకుండా గోడ కడతారా ఎవరైనా?"

అంత లోతైన మాటకి ఎదురు ప్రశ్న ఏముంటుంది? అందరూ టీ తాగి వెళ్లిపోయారు.

ఆ పునాది తవ్వే పని సాంస్కృతిక శాఖ ముద్రణ విభాగంలో ప్రూఫులు దిద్దే ఆవిడ మీద పడింది. ఆవిడ కాదనే స్థితిలో లేదని శాఖలో అందరికీ తెలుసు. ఆవిడ రాసుకున్న నవల అదే శాఖలో, ప్రచురణ సంఘం బీరువాలో, ఆరేళ్లుగా విశ్రాంతి తీసుకుంటోంది.

"సార్ పుస్తకం బయటికి రానివ్వండమ్మా, మీ నవల కదుల్తుంది. నాదీ పూచీ," అన్నాడు మంత్రిగారి పీఏ.

"సార్ ఎలా రాస్తారో కాస్త చెబితే..."

"సంతకం చాలా బాగా చేస్తారు."

అంతకు మించి ఆధారం దొరకలేదు. మహారచయితల జీవితచరిత్రలు తెచ్చుకుని తిరగేసింది. ఒకాయన తెల్లారకుండానే లేచి కొండలెక్కేవాడట. ఒకాయనకి సముద్రం కనిపిస్తే తప్ప కలం కదిలేది కాదట. ఇంకొకాయన, రాసుకుంటుంటే తలుపు తట్టిందని భార్యతో నెలల తరబడి మాట్లాడలేదట. వీళ్లందరికీ వేళకి అన్నం ఎవరు పెట్టారో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

గడువు ముంచుకొచ్చింది. ఇక దారిలేక తను ఎలా రాస్తుందో అదే రాసేసింది. పొయ్యి పక్క గట్టు మీద, పాత క్యాలెండరు కాగితాల వెనక, అవి ఎగిరిపోకుండా ఉప్పుడబ్బా బరువు పెట్టుకుని. పాలు పొంగేలోపు ఒక పేరా. విషాద ఘట్టాలన్నీ ఉల్లిపాయలు తరిగేటప్పుడే; ఆ కన్నీళ్లకి ఇంట్లో ఎవరూ కారణం అడగరు.

భర్త చదివి, "మంత్రిగారు నాకంటే బుద్ధిమంతుడిలా ఉన్నారే!" అన్నాడు.

"ఆయన వంట కూడా నేనే చేశాలెండి," అంది.

మంత్రిగారు అట్ట మీది తన ఫొటోని శ్రద్ధగా చదివి, పుస్తకాన్ని ఆమోదించారు.

ఆవిష్కరణ సభలో ఓ విమర్శకుడు మైకు అందుకున్నాడు. "సాహిత్యాన్ని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లిన మొట్టమొదటి మగవాడు!"

మంత్రిగారు పీఏ వైపు వంగి, "ఏ పొయ్యి?" అన్నారు.

"మన పొయ్యే సార్. చప్పట్లు కొడుతున్నారు, నమస్కారం పెట్టండి."

మర్నాడే ఓ జీవితచరిత్రకారుడు కెమెరాతో మంత్రిగారింట్లో దిగాడు. మంత్రిగారు వంటగది చూపిస్తానని బయల్దేరి ముందు స్టోరు రూము, తర్వాత బాత్రూము తలుపులు తీశారు. "సృజనకారుడి అన్వేషణ," అని జీవితచరిత్రకారుడు రాసుకున్నాడు. చివరికి మంత్రిగారి భార్యే ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

"ఇదండీ పొయ్యి. ముట్టుకోకండి, కాలుతుంది."

వారం తిరక్కుండా ఆ వంటగది రక్షిత సాహిత్య స్థలమైంది. గట్టు చుట్టూ తాడు కట్టారు. ఆ ఇంటి ఆడవాళ్లు అప్పట్నుంచీ పెరట్లో వండుకుంటున్నారు. పుస్తకం మాత్రం బడిపిల్లల పాఠాల్లోకి ఎక్కింది.

పీఏ మాట తప్పలేదు. నవల బీరువా దిగింది. ప్రచురణ సంఘం అధ్యక్షుడి నుంచి పిలుపొచ్చింది. ప్రూఫులు దిద్దే ఆవిడ వెళ్లి కుర్చీ అంచున కూర్చుంది.

"చాలా బాగుందమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "కానీ మీది కాదు."

"అయ్యో, అదేంటండీ!"

"ఏ పేజీ తీసినా మంత్రిగారే. ఈ గట్టూ, ఈ ఉల్లిపాయలూ, ఎవరో పిలుస్తారేమోనన్నట్టు హడావుడిగా ముగిసే ఈ వాక్యాలూ... ఆయన శైలి పసిపిల్లలు కూడా పట్టేస్తారు. కాపీ కొడితే కొట్టారు, కాస్త ఆడవాళ్ల అనుభవమైనా కలపాల్సింది."

ఆ పుస్తకం రాసింది నేనేనన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట పైకంటే నవలతోపాటు ఉద్యోగమూ పోతుంది. మింగేసింది.

"నేనిది ఆరేళ్ల కిందట ఇచ్చానండీ. అప్పటికి ఆయన పుస్తకమే లేదు."

అధ్యక్షుడు కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. "ఆయన ప్రభావం అంత వెనక్కి పాకిందన్నమాట!"

నవల తిరిగి ఆవిడ చేతికొచ్చింది. మెట్లు దిగుతుంటే పీఏ ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"సార్‌కి విషయం తెలిసిందమ్మా. ఇసుమంతైనా కోపం తెచ్చుకోలేదు, ఎంత పెద్ద మనసో! రేపు కొత్త రచయితలకి 'అనుకరణ మానడమెలా' అని ఆయనే స్వయంగా పాఠం చెబుతున్నారు. మీకు మొదటి వరుసలో కుర్చీ వేయించారు."

"ఆ పుస్తకం ఎవరు రాశారో మీకు తెలుసు కదండీ!"

"తెలుసు కాబట్టే మీ దగ్గరికొచ్చాను. ఆ పాఠం సాయంత్రానికల్లా రాసిపెట్టాలి."

ఆవిడ నవలని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"నన్ను తిట్టే చోట ఎంత ఘాటుగా తిట్టమంటారు?"

పీఏ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మితంగానే తిట్టండమ్మా. సార్‌ది సున్నితమైన మనసు."