అరవై ఏడు డిగ్రీల ధ్రువీకరణ పత్రం

వేడి ప్రకృతి ఇచ్చినదనీ, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదనీ లోకంలో ఒక అపోహ ఉంది. మొరావియాలోని ద్రేవ్‌నిత్సే పట్టణంలో, ఇంట్లో బీరు కాచుకునేవారి సంఘం ఆ అపోహను ఏనాడో తొలగించింది.

దంచిన బార్లీ మాల్టు వేడినీళ్ళలో అరవై ఏడు డిగ్రీల దగ్గర గంటసేపు నానాలి. ఇది బీరు పెట్టిన నియమం. అయిదు నిమిషాలకోసారి మూత తీసి, వేడి కొలిచి, రిజిస్టరులో రాసి సంతకం చేయాలి. ఇది సంఘం పెట్టిన పద్నాలుగో నియమం. (బీరు నియమాన్ని ఉల్లంఘిస్తే క్షమ ఉంది.)

నిరుడు అగ్నిమాపక దళం వారి నాట్యోత్సవంలో తాళాల మేస్త్రీ ఒటకర్ పోసిన బీరు, మాల్టు నానిన వేడి ఎక్కువై, పానకంలా ఉంది. దళపతి అందరిముందూ, "ఒటకర్ మామా, ఇది తాగాలా, అట్ల మీద పోసుకోవాలా?" అన్నాడు. ఏడాదిగా ఒటకర్ ఆ వీధి వైపు వెళ్ళలేదు. ఈసారి పరువు దక్కించుకోవాలి. అందుకు, వేడి సరిగ్గా ఉందని సంఘం ఇచ్చే పత్రం కావాలి.

సంఘం ఉష్ణోగ్రతా పర్యవేక్షకురాలు ద్రహోమీరా ఒటకర్ వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. మూత తీసిన ప్రతిసారీ ఆవిరి ఎగిరిపోయింది. వేడి అరవై ఒకటికి జారింది. ఒటకర్ మంట పెంచాడు. డెబ్బై రెండుకు ఎగబాకింది. అడుగు మాడింది.

"తగ్గిందానికి కారణం రాయండి" అంది ద్రహోమీరా.

"మూత తీశానండీ."

"ఎవరు తీయమన్నారు?"

"మీ పద్నాలుగో నియమమే!"

"అంటే తప్పు నియమానిదంటారా? దానికి వేరే ఫారం ఉంది."

ఒటకర్ భార్య క్వేటా రెండో డేగిసాలో మాల్టు కలిపి, మూతపెట్టి, ఈకల బొంత చుట్టి, పక్కింటికి కబుర్లకు పోయింది. గంట తర్వాత వచ్చి విప్పితే అరవై ఆరున్నర.

"మధ్యలో ఎంత ఉంది?" ద్రహోమీరా నిలదీసింది.

"వెచ్చగా ఉంది తల్లీ."

"చూడని వేడి వేడి కాదు."

ఒటకర్ రిజిస్టరులో పదమూడు అంకెలున్నాయి. అందులో ఒక్కటి కూడా అరవై ఏడు కాదు. కానీ గడులన్నీ నిండాయి కనుక పత్రం వచ్చింది. క్వేటాకు రాలేదు.

ఉత్సవం రోజున ఒటకర్ తన పీపా మీద పత్రాన్ని అద్దం కట్టించి పెట్టాడు. జనం దాన్ని శ్రద్ధగా చదివి, అగ్నిమాపక దళం నీళ్ళబండి వెనక్కి నడిచారు. అక్కడ క్వేటా తన బీరు పోస్తోంది. ఒటకర్ కూడా చివరికి సిగ్గు దిగమింగి అటే వెళ్ళాడు. వరసలో ముందు సంఘం అధ్యక్షుడు వావ్రినెత్స్, మీసం మీద నురగతో, మూడో గ్లాసు చాస్తూ కనిపించాడు.

"అయ్యా, దీనికి పత్రం లేదు కదా?" అన్నాడు ఒటకర్.

"అందుకేనయ్యా, ఇవాళ నేను సంఘం తరఫున రాలేదు. దాహం వేసి వచ్చాను."