యాభై ఏడు శాతం

పదింటికల్లా అతిథి దేశంతో పొగ తగ్గింపు ఒప్పందం ప్రతులు సమావేశ మందిరానికి చేర్చి, పన్నెండింటికి ఇంటికెళ్లి భార్యను కళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలని పర్యావరణ శాఖ టైపిస్టు ఆ ఉదయం అనుకున్నాడు. మనిషి పనిమంతుడే, కాకపోతే ఒక అలవాటుంది. పైవాళ్లు అంకె తేల్చకపోతే ఆ చోటు ఖాళీగా వదలడు. వదిలితే తర్వాత పేజీ అంతా చెదిరిపోతుందని బెంగ. అందుకని ముందు తన వయసు కొట్టి, అసలు అంకె వచ్చాక మారుస్తాడు.

ఈసారి అంకె మార్చడం మరచి ప్రతులు పంచేసి సీటుకు తిరిగొస్తే, బల్ల మీద కార్యదర్శి రాసి పెట్టిన చీటీ కనిపించింది. "పొగ తగ్గింపు: ఇరవై శాతం." లోపల రెండు దేశాల వాళ్ల చేతుల్లో ఉన్నది యాభై ఏడు! ఇప్పటికే రెండు మెమోలు అందుకున్నాడు. మూడోది వచ్చిందంటే ఉద్యోగం ఊడినట్టే.

టైపిస్టు పరుగెత్తి, కార్యదర్శిని మందిరం తలుపు దగ్గరకు పిలిచాడు.

"సార్, ఆ అంకె..."

"చూశాను లెండి! మంత్రిగారు నాకు చెప్పకుండా పెంచేసినట్టున్నారు. ఇప్పుడు నోరెత్తితే నా పని అయిపోతుంది. మీరు వెళ్లండి."

తలుపు సందులోంచి అతిథి దేశం ప్రతినిధి గొంతు వినిపించింది. "నిన్నగాక మొన్న ఫ్యాక్టరీలు పెట్టిన దేశమని మమ్మల్ని తక్కువగా చూడకండి. మేమూ యాభై ఏడు శాతం తగ్గించి తీరతాం!"

అంకె అతిథులే అడిగారనుకున్న మంత్రి పొంగిపోయాడు. "మీరంత ముచ్చటపడితే కాదంటామా?" అన్నాడు. సంతకాలు పడ్డాయి, చప్పట్లు మోగాయి. టైపిస్టు ఇంటికి ఫోన్ చేశాడు.

"డాక్టరు సంగతి తర్వాత చూద్దాం. నా ఉద్యోగం పోయిందే!"

"అయ్యో, ఏం చేశారండీ?"

"రెండు దేశాల పొగలో సగానికి పైగా ఆపేశాను."

"పొద్దున బాగానే వెళ్లారు కదండీ!"

ఇంతలో కార్యదర్శి వచ్చి తలుపు మూశాడు. "మంత్రిగారిని అడిగాను. ఆయన పెంచలేదట. ఎవరు కొట్టారు ఆ అంకె?"

"నేనే సార్. అది నా వయసు సార్. పిల్లలు గలవాణ్ణి, క్షమించండి," అని టైపిస్టు ఏడ్చినంత పని చేశాడు.

"ఊరుకోండి! ఎవరికైనా చెప్పారా?"

"మా ఆవిడకు, సగం..."

"మిగతా సగం చెప్పకండి. దేశదేశాల నుంచి మెచ్చుకుంటూ ఫోన్లొస్తుంటే, ఆ అంకె నాదేనని మంత్రిగారితో అనేశాను. మీ మెమోలు రెండూ చింపేస్తాను. ఏటా ఈ ఒప్పందం మీరే కొట్టాలి. ఏటా అంకె కాస్త పెంచుతామని మాట కూడా ఇచ్చేశాం."

టైపిస్టుకు వచ్చే ఏడాది యాభై ఎనిమిది నిండుతాయి.